అంగారకుడిపై గాలి కరెంటుతో ఆవాసం: ఏ చోటు ఎవరికి సరిపోతుంది?

అంగారకుడిపై గాలిమరలకు చోటు వెతికేవాళ్లు ముందుగా గాలి వేగాల పటం తెరిచి, వేగం ఎక్కువున్న చోట వేలు పెడతారు. అలా ఎంచుకుంటే థార్సిస్ అగ్నిపర్వతాల వాలు మీదో, ఉత్తర ధ్రువపు మంచు అంచునో తేలతారు. రెండూ మనుషులు నిలదొక్కుకునే చోట్లు కావు. ఆవాసానికి సోలార్ పలకలు ఎలాగూ ఉంటాయి. రాత్రి, శీతాకాలం, ధూళి తుపాను వచ్చినప్పుడు అవి చేతులెత్తేస్తాయి. ఆ మూడు వేళల్లో ఆదుకునే గాలి ఎక్కడుందో అదే మంచి చోటు. పగలంతా హోరెత్తి పొద్దుగూకగానే పడుకునే గాలి వల్ల ఒరిగేది తక్కువ.

అసలు అంగారకుడే ఎందుకు? శుక్రుడి నేల మీద గాలి నత్తనడకన, సెకనుకు ఒక మీటరు అటూఇటూగా కదులుతుంది. అయినా అక్కడి వాయువు సాంద్రత ఘనపు మీటరుకు 65 కిలోలు కాబట్టి ఆ నడకకే చదరపు మీటరుకు 32 వాట్ల శక్తి ఉంటుంది. కాకపోతే వేడి 460 డిగ్రీలు, పీడనం భూమి మీదకన్నా 90 రెట్లు. అక్కడ మనిషి మాట పక్కన పెట్టండి, గ్రీజు కూడా నిలవదు. 50 కిలోమీటర్ల పైన మేఘాల్లో తేలే ఆవాసం ఆకర్షణీయంగా కనిపిస్తుంది గానీ, బెలూన్ గాలితో పాటే కొట్టుకుపోతుంది కాబట్టి రెక్కలకు తగిలే గాలి దాదాపు ఉండదు. టైటాన్ శని గ్రహపు ఉపగ్రహం. అక్కడ వాయువు చిక్కనే, సూర్యరశ్మి మరీ తక్కువ కాబట్టి గాలి ఆలోచన రావడం సహజమే. కానీ నేల మీద 1 మీ/సె గాలికి దక్కేది చదరపు మీటరుకు 2.7 వాట్లే. ఇక మిగిలింది అంగారకుడు.

## ముందు కొలమానాలు

సాంద్రత, వేగం కలిపి చూడాలి. గాలిలోని శక్తి సాంద్రతకు నేరుగా, వేగం ఘనానికి (వేగం × వేగం × వేగం) తగ్గట్టు పెరుగుతుంది. అంగారకుడి సున్నా మట్టం (భూమి మీద సముద్ర మట్టంలా ఎత్తులు లెక్కించే ఆధార మట్టం) దగ్గర పీడనం సుమారు 610 పాస్కల్‌లు. 210 కెల్విన్ (సుమారు −63 డిగ్రీల సెల్సియస్) ఉష్ణోగ్రత అనుకుంటే సాంద్రత ఘనపు మీటరుకు 0.0154 కిలోలు, అంటే భూమి మీది గాలిలో ఎనభయ్యో వంతు. పల్లంలోకి దిగేకొద్దీ ఇది పెరుగుతుంది. సున్నా మట్టంలో 15 మీ/సె గాలి ఇచ్చేంత కరెంటు మిగతా ఎత్తుల్లో రావాలంటే కావాల్సిన వేగాలివి (అన్నిచోట్లా 210 కెల్విన్ అనుకుని వేసిన లెక్క):

| మట్టం | సాంద్రత (కిలో/ఘ.మీ.) | కావాల్సిన వేగం |
|---|---|---|
| −7 కి.మీ. (హెల్లస్ మహాబిలం అడుగు) | 0.030 | 12.1 మీ/సె |
| −4 కి.మీ. (ఉత్తర మైదానాలు) | 0.022 | 13.2 మీ/సె |
| 0 | 0.0154 | 15 మీ/సె |
| +10 కి.మీ. (అగ్నిపర్వత వాలు) | 0.006 | 20.5 మీ/సె |
| +21 కి.మీ. (ఒలింపస్ శిఖరం) | 0.002 | 29 మీ/సె |

ఏడు కిలోమీటర్లు కిందికి దిగితే మిగిలేది 3 మీ/సె మాత్రమే. మంచి వాలు గాలి ఉన్న చోటుకూ లేని చోటుకూ తేడా దీనికన్నా ఎక్కువే ఉంటుంది. లోతు కోసం మిగతావన్నీ వదులుకోవద్దు.

సగటు వేగాన్ని నమ్మొద్దు. −4 కి.మీ. మట్టంలో 33.4 మీటర్ల వ్యాసమున్న రెక్కల చక్రం తీసుకుందాం. అది 876 చదరపు మీటర్లు తుడుస్తుంది. గాలి శక్తిలో 40 శాతం అందుకుంటే 5 మీ/సె దగ్గర అర కిలోవాట్, 10 దగ్గర 3.9, 15 దగ్గర 13, 20 దగ్గర 31 కిలోవాట్లు వస్తాయి. రోజంతా 10 మీ/సె వీచే చోట సగటు 3.9 కిలోవాట్లు. పగలు 5, రాత్రి 15 వీచే చోట వేగం సగటు అదే 10 అయినా కరెంటు సగటు 6.8 కిలోవాట్లు, అదీ అవసరమైన వేళ. రాత్రి చల్లదనం దీనికి తోడవుతుంది. పగలు 240, రాత్రి 190 కెల్విన్ ఉండే చోట రాత్రి గాలి పావువంతుకు పైగా చిక్కగా ఉంటుంది.

ఏడాదిలో పీడనం. అంగారకుడి వాతావరణంలో పావువంతు దాకా కార్బన్ డయాక్సైడ్ ఋతువును బట్టి ధ్రువాల దగ్గర గడ్డకట్టి మళ్లీ ఆవిరవుతుంది. నాసా ల్యాండర్ వైకింగ్ 1 దగ్గర పీడనం ఏడాదిలో సుమారు 680 నుంచి 900 పాస్కల్‌ల దాకా ఊగింది. ఈ ఊగిసలాట గ్రహమంతటా ఒకేసారి జరుగుతుంది: దక్షిణ శీతాకాలం చివర్లో కనిష్ఠం, ఉత్తర శీతాకాలం మొదట్లో గరిష్ఠం. దీని పర్యవసానం పెద్దది, హెల్లస్ దగ్గర మళ్లీ చెప్తాను.

మంచు, దిగే వీలు. తవ్వి తీయగల మంచు లేకపోతే తాగునీరు, ప్రాణవాయువు, తిరుగు ప్రయాణపు ఇంధనం అన్నీ భారమవుతాయి. 2015లో హ్యూస్టన్‌లో మానవ ల్యాండింగ్ స్థలాల మీద నాసా పెట్టిన సదస్సులో 50 డిగ్రీల అక్షాంశం లోపు, +2 కి.మీ. మట్టానికి కింద ఉన్న చోట్లనే పరిశీలించారు. మొదటి ఆవాసానికి ఆ హద్దు దాటకపోవడమే మేలు.

ఎంత కరెంటు. 2022 చివర్లో నాసా ఏమ్స్ పరిశోధన కేంద్రానికి చెందిన విక్టోరియా హార్ట్‌విక్ బృందం అంగారక వాతావరణ నమూనాతో ఇలాంటి లెక్కే కట్టింది. ఆరుగురి బృందానికి 24 కిలోవాట్లు కావాలనుకుంటే, సోలార్ ఒక్కటీ ఆ అవసరాన్ని 40 శాతం సమయం తీరుస్తుంది. ఒక ఎనర్కాన్ ఇ33 టర్బైన్ జతచేస్తే గ్రహంలో చాలా చోట్ల అది 60 నుంచి 90 శాతానికి పెరుగుతుంది. భూమి మీద 330 కిలోవాట్ల టర్బైన్ అది. అంటార్కిటికాలోని రాస్ ద్వీపంలో ఇవే మూడు పెట్టారు. కింది లెక్కలకు 24 కిలోవాట్లనే ప్రమాణంగా తీసుకున్నాం. ఇంధనం తయారీ మొదలుపెడితే ఆ అంకె చాలదు.

## చోట్లు, ఒక్కొక్కటిగా

| చోటు | రాత్రి గాలి | శీతాకాల గాలి | మంచు | దిగడం |
|---|---|---|---|---|
| డ్యూటెరోనైలస్–ప్రోటోనైలస్ | వాలు వల్ల బాగుంటుంది | బాగుంటుంది | దండిగా | కష్టం |
| ఆర్కేడియా మైదానం | అంతంతమాత్రం | బాగుంటుంది | దండిగా, పైపైనే | సులువు |
| హెల్లస్ | గోడల దగ్గర బాగుంటుంది | పీడనం దెబ్బతీస్తుంది | తూర్పు అంచున | మధ్యస్థం |
| భూమధ్యరేఖ మైదానాలు | తక్కువ | ఋతుభేదం తక్కువ | దాదాపు లేదు | సులువు |
| ఉత్తర ధ్రువపు అంచు | అద్భుతం | అద్భుతం | కొండంత | హద్దు బయట |

### డ్యూటెరోనైలస్, ప్రోటోనైలస్ మెన్సే

ఉత్తర పల్లపు మైదానాలూ దక్షిణ ఎత్తు భూములూ కలిసే అంచు ఇది, 40 నుంచి 46 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉంటుంది. కిలోమీటరుకు పైగా ఎత్తున్న బల్లపరుపు కొండలు, వాటి పాదాల దగ్గర రాళ్లమట్టి దుప్పటి కప్పుకున్న హిమానీనదాలు. అంగారకుడి చుట్టూ తిరిగే ఎంఆర్ఓ వ్యోమనౌకలోని షరాడ్ రాడార్ ఆ దుప్పటి కింద వందల మీటర్ల మందాన మంచు ఉందని చూపింది.

మా మొదటి ఓటు దీనికే. రాత్రి నేల చల్లబడగానే పీఠభూమి మీది బరువైన గాలి వాలు వెంట కిందికి జారుతుంది. సూర్యుడు లేని వేళే అది బలపడుతుంది. శీతాకాలంలో దీనికి ఇంకో దన్ను దొరుకుతుంది: మధ్య అక్షాంశాల్లో కొన్ని సోల్‌లకోసారి (సోల్ అంటే అంగారకుడి రోజు) వరుసగా కదిలే వాయుగుండాలు. 48 డిగ్రీల దగ్గర దిగిన వైకింగ్ 2 పీడన రికార్డులో వీటి అలలు స్పష్టంగా కనిపిస్తాయి. పైగా గ్రహమంతటా పీడనం గరిష్ఠంగా ఉండేదీ అప్పుడే, ధూళి తుపాన్ల కాలమూ అదే. సోలార్‌కు గడ్డుకాలం, గాలికి మంచికాలం ఒకేసారి వస్తాయన్నమాట.

అంకెల్లో చూస్తే: 42 డిగ్రీల ఉత్తరాన శీతాకాలం నడిమిలో పగలు 9 గంటలే, మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు 23 డిగ్రీలకు మించి పైకి రాడు. దాదాపు 15.8 గంటల రాత్రికి 24 కిలోవాట్ల చొప్పున 380 కిలోవాట్ అవర్లు కావాలి. కిలోకు 150 వాట్ అవర్లిచ్చే బ్యాటరీలైతే రెండున్నర టన్నులు మోయాలి, అదీ ఒక్క రాత్రికి. రాత్రి గాలి 15 మీ/సె ఉన్నంతసేపు పైన చెప్పిన చక్రాలు రెండు ఆ 24 కిలోవాట్లూ ఇస్తాయి.

చిక్కులూ తక్కువేం కాదు. నేల గరుకు, దిగే నౌకకు చదునైన జాగా చిన్నది. కొండకు ఏ వైపు ఉన్నారన్నది ప్రాణం: కొండ చాటున పడితే సుడులు తప్ప నిలకడైన గాలి ఉండదు. రెండు కొండల మధ్య లోయ ముఖద్వారం దొరికితే వదలొద్దు. అక్కడ గాలి పగలు ఒక దిక్కు, రాత్రి సరిగ్గా దానికి ఎదురు దిక్కు పడుతుంది కాబట్టి టర్బైన్ తల తిప్పే యంత్రాంగం కూడా సాదాగా ఉండొచ్చు.

### ఆర్కేడియా మైదానం

మట్టం −4 కి.మీ. దగ్గర, నేల చదును, మంచు పైపైనే. 2021 డిసెంబర్‌లో పక్కనే అమెజానిస్ ప్రాంతంలో ఉల్క పడి 150 మీటర్ల గుంత చేస్తే, 35 డిగ్రీల అక్షాంశంలోనే తెల్లటి మంచు గడ్డలు బయటికి ఎగిరిపడ్డాయి. మంచు కోసం ఎంత తక్కువ తవ్వాలో దాన్నిబట్టే తెలుస్తుంది.

వాలు లేదు కాబట్టి వేసవి రాత్రుల్లో గాలి మందగిస్తుంది. అయితే వేసవిలో పగలు పొడుగు, సోలార్ నిలబెడుతుంది. శీతాకాలపు వాయుగుండాలు నడిచే మూడు దారులు అసిడేలియా, ఆర్కేడియా, యుటోపియా. ఆ దారిలోనే ఉండటం దీని బలం. ధూళి తుపాన్లు దక్షిణానికి పరిగెత్తేదీ ఆ దారుల్లోనే, కాబట్టి పలకల మీద ధూళి దులిపే ఏర్పాటు తప్పనిసరి. తొలి నౌకలు భద్రంగా దిగడమే ముఖ్యమనుకుంటే ఇంతకన్నా మంచి చోటు లేదు.

### హెల్లస్

దక్షిణార్ధగోళంలోని మహాబిలం ఇది: 2,300 కి.మీ. వెడల్పు, సున్నా మట్టానికి 7 కిలోమీటర్లకు పైగా లోతు. గ్రహం మొత్తంలో చిక్కటి గాలి ఇక్కడే. రేడియేషన్ కూడా కాస్త తగ్గుతుంది. కాగితం మీద అందరూ దీనికే మార్కులు వేస్తారు, అక్కడే మోసపోతారు.

ముందు చెప్పిన పీడనపు ఊగిసలాట ఇక్కడ ఎదురు తిరుగుతుంది. దక్షిణార్ధగోళంలో శీతాకాలం 179 సోల్‌లు, ఉత్తరాన 154. ఆ పొడుగు చలికాలంలో గ్రహం సూర్యుడికి దూరంగా ఉంటుంది, సూర్యరశ్మి చదరపు మీటరుకు 500 వాట్ల దరిదాపుల్లోకి పడిపోతుంది. పీడనం కనిష్ఠానికి చేరేదీ ఆ చలికాలం చివర్లోనే. అంటే రెండు వనరులూ కలిసి నీరసిస్తాయి. ఇక వసంతం, వేసవి వచ్చాయంటే హెల్లస్ ధూళి తుపాన్లకు పుట్టిల్లు. 2001 నాటి గ్రహవ్యాప్త తుపాను మొదలైంది ఈ ప్రాంతంలోనే. అయినా ఇక్కడే ఉండాలంటే అడుగున మధ్యలో కాకుండా, హిమానీనదాలున్న తూర్పు అంచు వాలు దగ్గర చూడండి. లోతు లాభం కొంత పోతుంది, రాత్రి గాలి దక్కుతుంది.

### భూమధ్యరేఖ దగ్గరి మైదానాలు, బిలాలు

ఎలిసియం, జెజెరో, గేల్ లాంటివి. రోబోలు దిగినవి కాబట్టి నేల బాగా తెలుసు. గాలి సంగతి చెప్పడానికి ఎలిసియంలో దిగిన ఇన్‌సైట్ అనుభవం చాలు. ఆ ల్యాండర్‌లోని భూకంప మాపకానికి అంగారక ప్రకంపనలు ఎక్కువగా సాయంత్రాల్లోనే చిక్కాయి, ఎందుకంటే పొద్దుగూకాక గాలి పడిపోయి పరికరం చుట్టూ నిశ్శబ్దం అలముకునేది. భూకంప శాస్త్రానికి అది వరం. గాలిమరకు మాత్రం సరిగ్గా కావాల్సిన గంటల్లో రెక్క ఆగిపోవడం. అదే ల్యాండర్ రోజుకు 5,000 వాట్ అవర్లతో మొదలై, ధూళి పేరుకుని 2022 వసంతానికి పదో వంతుకు పడిపోయి, ఆ డిసెంబర్‌లో మూగబోయింది. ఇక్కడ అణు రియాక్టర్ తీసుకెళ్లేవాళ్లకే చోటు. బిలం అంచు వాలు గాలి అంచు దగ్గరే ఉంటుంది, నడి మైదానానికి అది చేరుతుందని ఆశపడొద్దు.

### వదిలేయదగ్గవి

థార్సిస్ వాలు: గాలి వేగమే, కానీ సాంద్రత సున్నా మట్టంలో 40 శాతం, పారాచూట్ పట్టదు, ఎత్తు హద్దు దాటిపోతుంది. మారినెరిస్ లోయ: లోతు బాగుంది, ఎండ బాగుంది, మంచు అందదు, ఆ గోడల మధ్య దిగడం గండమే.

ఉత్తర ధ్రువపు అంచును ఒక్క వాక్యంలో తోసేయడం న్యాయం కాదు. మంచు టోపీ మీది నుంచి జారే గాలి నిజంగా గొప్పది, నీటికి కొదవే లేదు. కానీ నెలల తరబడి చీకటి, చలి −125 డిగ్రీలకు దిగి కార్బన్ డయాక్సైడ్ గడ్డకట్టి రెక్కల మీద, తీగల మీద పేరుకుంటుంది. 68 డిగ్రీల దగ్గరే ఫీనిక్స్ ల్యాండర్ సోలార్ పలకలు ఆ పొర బరువుకు విరిగాయి. రెండో తరం స్థావరానికి, మనుషుల్లేని యంత్రాలకు దాన్ని అట్టిపెట్టండి.

## ఎవరికి ఏది

ఆరుగురితో ఒకటిన్నర భూసంవత్సరం ఉండి తిరిగొచ్చే బృందానికి ఆర్కేడియా. వాళ్లకు దిగడం, ఎగరడం రెండే ప్రాణాపాయ ఘట్టాలు. కరెంటులో కొరత పడితే పనులు తగ్గించుకుని గడపొచ్చు. ఉత్తర శీతాకాలం మొదలవకముందే చేరేలా ప్రయాణం కుదిరితే టర్బైన్ నిలబెట్టడానికి వెలుతురు దొరుకుతుంది.

శాశ్వత స్థావరానికి డ్యూటెరోనైలస్ లేదా ప్రోటోనైలస్. మొదటి నౌకను కొండలకు దూరంగా చదునైన నేల మీద దింపి, టర్బైన్లను వాలు పాదాల దగ్గర పెట్టి మధ్యలో కేబుల్ లాగడం ఇక్కడి రాజీ. పది కిలోమీటర్ల కేబుల్ బరువూ నష్టమూ లెక్కేశాక కూడా వాలు గాలి గెలిస్తేనే ఆ పని చేయండి.

రియాక్టర్ ఉన్నవాళ్లకు గాలి అదనపు భరోసా మాత్రమే. వాళ్లు మంచును, శాస్త్రాన్ని బట్టి ఎంచుకోవచ్చు. రియాక్టర్ లేదు, తుపాను మాత్రం దాటాలి అనేవాళ్లు 2018 జూన్‌ను గుర్తుపెట్టుకోండి: ఆపర్చునిటీ రోవర్ రోజు కరెంటు కొద్ది రోజుల్లోనే 22 వాట్ అవర్లకు పడిపోయింది, ఆ తర్వాత అది మళ్లీ పలకలేదు. వారాల తరబడి చీకటిని ఏ బ్యాటరీ దాటించలేదు.

## చోటు ఖాయం చేసే ముందు

కనీసం ఒక అంగారక సంవత్సరం, అంటే 668 సోల్‌లు కొలవాలి. ఒక్క ఋతువు కొలత మీద చోటు ఖాయం చేసేయడం అన్నిటికన్నా ఖరీదైన తప్పు.

ల్యాండర్ల మీది గాలి మాపకాలు నేలకు ఒకటి రెండు మీటర్ల ఎత్తులో ఉంటాయి. టర్బైన్ ఇరుసు 50 మీటర్ల ఎత్తున ఉంటే పగటిపూట గాలి అక్కడ 1.7 రెట్లు ఉండొచ్చు, కరెంటు అయిదు రెట్లకు చేరువవుతుంది. ఈ సూత్రాన్ని రాత్రికి మాత్రం వాడొద్దు. వాలు వెంట జారే గాలి పలచటి పొర. దాని వేగం ఒక ఎత్తుదాకా పెరిగి, ఆపైన తగ్గుతుంది. మీ 50 మీటర్ల ఇరుసు ఆ పొర మీదుగా తొంగిచూస్తూ ఉండిపోవచ్చు. అందుకే 2, 10, 30, 50 మీటర్ల దగ్గర నాలుగు మాపకాలున్న స్తంభం ఒకటైనా నిలబెట్టి, దాని కొలతను బట్టి ఇరుసు ఎత్తు నిర్ణయించండి.

యంత్రం విషయంలో భూమి టర్బైన్‌ను యథాతథంగా మోసుకెళ్లొద్దు. 330 కిలోవాట్ల జనరేటర్‌ను 13 కిలోవాట్ల దగ్గర తిప్పితే వచ్చిన దాంట్లో మంచి వాటా దాని సొంత ఇనుప నష్టాలకే (లోపలి ఇనుములో వేడిగా పోయే శక్తికే) పోతుంది. పెద్ద చక్రం, చిన్న జనరేటర్ కావాలి. రెక్క మీది ప్రవాహానికి రెనాల్డ్స్ సంఖ్య (గాలి వేగం, సాంద్రతల ముందు దాని జిగట ఎంతో చెప్పే కొలత) భూమి మీదకన్నా సుమారు 30 రెట్లు తక్కువ కాబట్టి రెక్క ఆకృతి మారాలి. పైన వాడిన 40 శాతం అప్పుడే అందుతుంది. తుపాను గాలి టవర్‌ను పడగొడుతుందన్న భయం మాత్రం అక్కర్లేదు: −4 కి.మీ. మట్టంలో 30 మీ/సె గాలి తోపు భూమి మీద 4 మీ/సె పిల్లగాలి తోపుతో సమానం. టవర్‌కు, రెక్కలకు అసలు భారం వాటి సొంత బరువే. అదే కారణంగా కదలడం మొదలుపెట్టే బలం కూడా తక్కువ. చలికి బేరింగ్ గ్రీజు బిగిస్తే మంచి గాలిలోనూ చక్రం కదలదు, కాబట్టి బేరింగ్‌కు వేడి తీగ చుట్టాలి.

వోల్టేజీ సంగతి చాలామంది మర్చిపోతారు. ఆ పలచటి కార్బన్ డయాక్సైడ్‌లో మిల్లీమీటరు ఎడమున్న రెండు కొసల మధ్య కొన్ని వందల వోల్టులకే మెరుపు దూకుతుంది. జనరేటర్ కొసలు, కేబుల్ కీళ్లు అన్నీ పోతపోసి మూసేయాలి లేదా పీడనం నింపిన పెట్టెలో ఉంచాలి. పలచటి గాలి వేడిని లాక్కుపోదు కాబట్టి ఆ పెట్టెకు వేడి వెదజల్లే పలక కావాలి.

ఆ వేడి ఎటు పోతుందో చూసుకోండి. మంచు నిండిన నేలలో పునాది వేస్తే, టవర్ లోహం గుండా దిగే వెచ్చదనానికి కింది మంచు ఆవిరై నేల కుంగుతుంది, టవర్ ఒకపక్కకు ఒరుగుతుంది. జనరేటర్‌కూ టవర్‌కూ మధ్య, టవర్‌కూ నేలకూ మధ్య వేడి దాటని అడ్డు పెట్టండి. గుంత తవ్వి పాతడానికి బదులు, నేల మీద పరిచిన వెడల్పాటి చట్రం మీద స్థానిక మట్టి సంచులు పేర్చి బరువు పెట్టండి. ఒరుగు మొదలైతే సంచులు జరిపి సరిచేసుకోవచ్చు.